హలధరుని మరచితిమా?

కృష్ణాష్టమినాడు ఉట్టి కొట్టని వీధి మన పట్టణములలో అరుదు. ఆ కృష్ణుని అన్నగారిని తలచుకొని దీపము వెలిగించు ఇల్లు ఇంకను అరుదు. దశావతారములను లెక్కించునపుడు ఎనిమిదవ వ్రేలికడ బలరాముని పేరు పలికి దాటిపోవుచున్నాము. ఈ మరపు మనకు శ్రేయస్కరము కాదు.

ఇతర దేవతలు చక్రమును, శూలమును, ధనుస్సును ధరించిరి. ఇతని భుజమున నాగలి, చేత రోకలి. ఒకటి ధాన్యమును పండించునది, వేరొకటి దానిని దంచి వంటింటికి చేర్చునది. ఈ కొలువు నిన్నమొన్నటిది కాదు. నానాఘాటులోని శాతవాహనరాణి శాసనము సంకర్షణ వాసుదేవులకు మ్రొక్కుచు అన్నగారి పేరునే ముందు నిలిపినది. 1970లో అఫ్ఘనిస్తానమునందలి ఐఖానుములో దొరకిన యవనరాజు అగాథోక్లీసు వెండినాణెములపై ఆయన నాగలితోను, రోకలితోను నిలిచియున్నాడు. అవి క్రీస్తుపూర్వము 2వ శతాబ్దినాటివి.

ఆయన బలమెట్టిది? సాంబుని కౌరవులు బంధించినపుడు ముందు మంచిమాట చెప్పుటకే హస్తినాపురమునకు పోయెను. అవమానించిన పిదపనే నాగలి నాటి నగరమును గంగవైపు ఈడ్చెను. వారు శరణనగానే విడిచెను. కురుక్షేత్రమున ఇరువాగుల బంధువులే యుండగా ఏ పక్షమును చేరక సరస్వతీ తీర్థములకు తరలెను. తుదకు భీముడు గదాయుద్ధనియమము తప్పి తొడలు విరుగగొట్టగా, గెలిచినవాడు తమ్మునికి ఆప్తుడని చూడక అతనిపైననే నాగలి నెత్తెను. మదిరాప్రియుడని, ముంగోపియని కొందరాక్షేపింతురు. ఆ దోషములను మేము దాచము. కాని గెలుపునకు గాక నియమమునకు కట్టుబడిన బలము లోకమున ఎంత కలదు?

ఉత్తరదేశమున హలషష్ఠినాడు స్త్రీలు నాగటిసాలున పండినదానిని ముట్టరు. మన సీమలో ఏరువాక పున్నమికి ఎద్దుల కొమ్ములకు రంగులు పూసి, కాడికి పసుపుకుంకుమలు పెట్టుదుము. నాగలికి కుంకుమ పెట్టుట సులభము. నాగలి పట్టినవాని పేరు కాగితముపై నెక్కించుటయే కష్టము. కౌలురైతు గుర్తింపుకార్డునకు భూయజమాని సంతకము కావలెనని ఆంధ్రప్రదేశమున 2019 నాటి చట్టము విధించెను. భూమి చేజారునను భయమున పలువురు యజమానులు సంతకమునకు వెనుదీసిరి. తెలంగాణమున 2018లో ఆరంభమైన రైతుబంధు సొమ్ము పట్టాదారునకే చేరెను గాని కౌలుదారునకు చేరలేదు. వాన ముంచినను, ఎండ మాడ్చినను నష్టము దున్నినవానిది; పరిహారము పేరున్నవానిది!

న్యాయస్థానములలో మెలగు మాకు యజమానుల భయము తెలియనిది కాదు. హక్కు యజమానికే నిలుచుగాక. సాగు మాత్రము ఎవరిదో ఊరెల్ల నెరుగును; ఊరెరిగిన సత్యమును గ్రామపు లెక్కలో వ్రాయుటకు ఒకరి దయ ఏల? పొలము దున్నినవాని పేరు పైరు నిలిచియుండగనే వ్రాయించుడు. హలధరునకు అంతకు మించిన పూజ లేదు.