మంచుపై నాట్యము: తీర్పరుల బాధ్యత

పరుగుపందెమునకు గడియారమే తీర్పరి. మంచుపై జంటగా సల్పు నాట్యమునకట్టి సాధనము లేదు. అడుగుల నెంచవచ్చును గాని భావము నెంచుటెట్లు?

1984లో సరయేవో ఒలింపిక్ క్రీడలయందు ఆంగ్లేయులగు టార్విల్, డీన్ అను జంట రావెల్ కూర్చిన బొలేరో సంగీతమునకు నాట్యమాడిరి. సంగీతము నియమితకాలమును మించెను. స్కేటు అలుగు మంచును తాకినపుడే కాలగణన మొదలగునని యెఱిగి, వారు మోకాళ్లపై నుండి నాట్యమారంభించిరి. నియమము చెడలేదు, కల్పన వర్ధిల్లెను. కళాభాగమునకు తొమ్మండ్రు తీర్పరులును 6.0 చొప్పున పూర్ణాంకము లొసఁగిరి.

అందఱు తీర్పరులు నిట్లేకీభవింపరు. 2002లో సాల్ట్‌లేక్ నగరమున జంటల స్కేటింగు తీర్పుపై వివాదము చెలరేఁగి, రెండు జంటలకును స్వర్ణపతకము లీయవలసివచ్చెను. 2004లో పాత పద్ధతి మాని, ఒక్కొక్క యంశమునకు వేర్వేఱుగ అంకములు వేయు పద్ధతి నవలంబించిరి. ఇది మేలే. కాని యే యంక మెవరు వేసిరో తెలియనీయకుండిరి. మరుగున్నచో తీర్పరులపై నొత్తిడి యుండదని కొందఱి వాదము. ఆ మరుగుననే పక్షపాతమును దాఁగవచ్చును గదా! 2016లో దానిని తొలగించుట యుచితమే. లెక్కకు లొంగని సొగసునకు విలువ కట్టువాఁడు తన పేరుతో జవాబు చెప్పవలెను. అందులకు జంకువాఁడు తీర్పరి పీఠమునకు తగఁడు.