అక్షరము తప్పిన ఇండ్లకు అరచేతి పాఠము

కోయంబత్తూరు సీమలో కలంగల్ అను పల్లెయందు 1893లో పుట్టిన ఒక తెలుగు రైతుబిడ్డ, బడిచదువు రుచింపక దానిని మధ్యలోనే విడిచిపెట్టి, దొర యొక్కడు నడుపుకొని పోవుచుండిన రడ్జ్ మోటారు సైకిలును చూచి ముగ్ధుడై, దానిని కొనుటకై పట్నమునకు వచ్చి హోటలులో పనిచేసి సొమ్ము కూడబెట్టి, కొన్న పిమ్మట దాని మరలను ఒక్కొక్కటిగా విప్పి మరల బిగించి, ఆ విప్పుట బిగించుటలయందే యంత్రశాస్త్రమునకు ఓనమాలు దిద్దుకొనెను. ఆయనయే లోకమెరిగిన జి.డి. నాయుడు. 1920లో పొల్లాచ్చి, పళని ఊళ్ల నడుమ ఒక్క బస్సుతో వ్యాపారము మొదలిడి, 1937లో బాలసుందర నాయుడుగారితో కలిసి మన దేశమున తొలి విద్యుత్ మోటారును తయారుచేసి, 1945లో ఆర్థర్ హోప్ పేర పాలిటెక్నిక్కును, ఇంజనీరింగు కళాశాలను నెలకొల్పిన ఆ మహనీయుడు, ఏండ్ల తరబడి సాగు చదువులు యువకుల కాలమును హరించుననియు, పనిముట్టు చేతికిచ్చి కొలది కాలములోనే విద్య గరపవచ్చుననియు జీవితాంతము వాదించెను.

ఆయన కోరిన స్వయంశిక్షణ నేడు కోయంబత్తూరులోని పీళమేడు, ఆవారంపాళెముల పిల్లలకు అరచేతిలోనికి వచ్చినది. మోటారు చుట్టుట, లేత్ యంత్రమును నడుపుట, కంప్యూటరుకు ఆజ్ఞలు వ్రాయుట మొదలగునవన్నియు యూట్యూబులో చూచి నేర్చుకొనువారు అక్కడ కొల్లలు. 2003 నుండి నడచుచున్న ఎన్.పి.టి.ఇ.ఎల్. అను ఐ.ఐ.టి.ల వీడియో పాఠములు ఉన్నవి, మద్రాసు ఐ.ఐ.టి. 2020లో ఆన్‌లైనులో ప్రారంభించిన డేటా సైన్సు చదువు ఉన్నది. తమిళనాడు ప్రభుత్వము 2022లో మొదలిడిన 'నాన్ ముదల్వన్' నైపుణ్య శిక్షణ పథకము ఉన్నది. విద్య విషయమున ఈ పిల్లలకు నేను క్రొత్తగా చెప్పవలసిన దేమియు లేదు. అయినను, ఇంత నేర్చిన పిల్లవాడు, రాత్రి అన్నము తినుచు అవ్వతో మాటలాడు భాషలో తన పేరు వ్రాసుకొనలేకుండుట నాకు దుఃఖము కలిగించుచున్నది. ఈ వారము నా మనవి ఆ ఒక్క విషయమును గూర్చియే.

2011 జనగణనము ప్రకారము తమిళనాట తెలుగు మాతృభాషగా గలవారు 42 లక్షలకు పైబడియున్నారు. వారియందు కోయంబత్తూరు చుట్టుపట్ల గల కొంగునాటి వారును, మధుర సీమవారును నిన్న మొన్న వలస వచ్చినవారు కారు. విశ్వనాథ నాయకుడు మధుర నేలుట మొదలిడినది 1529 ప్రాంతమున. తిరుమల నాయకుడు తన మహలు కట్టినది 1636లో. అన్నింటికంటె ముఖ్యమైన విషయ మొకటి కలదు: పద్యమే కావ్యమని మన కవులు నమ్మియుండిన కాలమున తెలుగు వచనమునకు రాజసభలో పీట వేసినది మధురయే. ఆ నాయకరాజులలో ఒకడైన విజయరంగ చొక్కనాథుడు తానే శ్రీరంగ మాహాత్మ్యమును వచనమున రచించెను. ఆయన ఆస్థానమునందలి సముఖము వేంకటకృష్ణప్ప నాయకుడు జైమిని భారతమును వచనముగా వ్రాసెను. నేను ఈ వారము వ్రాయుచున్న ఈ వచనమునకు, తెలుగు పత్రికలలోని వ్యాసములన్నింటికి, ఆ మధుర వచనము పూర్వీకుల స్థానమున నిలుచును. అట్టి ఊరిదాపున, తిరుమంగళములోనో పేరయ్యూరులోనో పెరుగుచున్న తెలుగు పిల్లవానికి ఆ గ్రంథముల ముఖపత్రము సైతము చదువరాదు.

2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టము దీనికంతటికి మూలమని కొందరు చెప్పుదురు. ఆ చట్టము తమిళమును మొదటి తరగతి నుండి విధిగావించి, భాషాల్పసంఖ్యాకుల మాతృభాషను ఐచ్ఛికముగా ప్రక్కకు నెట్టిన మాట వాస్తవమే. హోసూరు, కృష్ణగిరి ప్రాంతముల తెలుగు బడులకు దానివలన కలిగిన కష్టము చిన్నది కాదు. కాని కోయంబత్తూరు, మధుర ప్రాంతముల ఇండ్లలో అక్షరము అంతకు తరములకు ముందే తప్పిపోయినది. మాట మాత్రము మిగిలినది. ఈ భేదమును మనము మనసున నుంచుకొనవలెను, ఏలయన మందు రోగమును బట్టి కదా ఉండవలసినది!

ఇప్పుడు ఆన్‌లైనులో తెలుగు నేర్పు పాఠములు లేకపోలేదు. సిలికానాంధ్రవారు 2007లో ప్రారంభించిన మనబడి అమెరికాలోని వేలాది పిల్లలకు శ్రద్ధగా తెలుగు గరపుచున్నది. ఆ ప్రయత్నమును నేను మనసార గౌరవింతును. అయితే అమెరికా బిడ్డకు ఇంగ్లీషు అక్షరము వచ్చును, తెలుగు మాట కొరతగా ఉండును. కొంగునాటి బిడ్డ సంగతి తలక్రిందులు: మాట నోటనే కలదు, చేతిలో తమిళ లిపి కలదు. ఒకరి కొరకు కట్టిన పాఠమును మరియొకరికి చదివించినచో, వచ్చిన మాటలనే మరల వల్లెవేయించినట్లై, విసుగుపుట్టి బిడ్డ నాల్గవ పాఠముననే విరమించును.

తమిళము తెలిసిన పిల్లవానికి తెలుగు లిపి ఎంత చేరువయో తెలుగు రాష్ట్రములలోని మనము ఎన్నడును ఆలోచింపలేదు. తమిళమునందలి పన్నెండు అచ్చులును తెలుగున ఉన్నవి. ఇంగ్లీషు పిల్లవానిని బాధించు ఎ ఏల భేదము, ఒ ఓల భేదము ఇతనికి పుట్టుకతోనే తెలియును. పదునెనిమిది హల్లులలో ఒకటి రెండు తప్ప తక్కినవన్నియు మనవే. క్రొత్తగా రావలసినవి గ, జ, డ, ద, బ మొదలగు సరళములు. తమిళమున కకార మొక్కటే కాలికిని గాలికిని సరిపోవును. అందుచేత తెలుగును తమిళ లిపిలో వ్రాసికొను పిల్లలు వాట్సప్పులో సందేహపడి, కడకు రోమను అక్షరములకో, వ్రాత మాని గొంతు సందేశములకో మరలుచున్నారు. కాని కాలి వేరు, గాలి వేరు అని వాని చెవికి తెలియును, నోటికి తెలియును. కంటికి మాత్రమే తెలియదు. ఆ కొరతను తీర్చునవి ఈ అయిదారు అక్షరములే. పిమ్మట వత్తులు: తమిళమున హల్లుపై చుక్క పెట్టి రెండక్షరములను ప్రక్కప్రక్కన నిలుపుదురు, తెలుగున రెండవదానిని క్రిందికి దించుదురు. 'అమ్మ' అను ఒక్క మాటను రెండు లిపులలోను చూపినచో ఈ సూత్రమంతయు పిల్లవానికి బోధపడును. ఖ, ఘ మొదలగు మహాప్రాణములను, ఇంటిమాటలో అరుదు గనుక, చిట్టచివరకు ఉంచవచ్చును. ఈ క్రమమున కూర్చి, తమిళమున వివరించుచు, తెలుగున పలుకు చిన్నచిన్న వీడియో పాఠములు కావలెను.

ఫోను పిల్లలను పాడుచేయుచున్నదని వాపోవు పెద్దలు నన్ను ఆక్షేపింపవచ్చును. వారి భయము నిరాధారము కాదు; అక్షరము దిద్దుటకు కూర్చున్నవాడు క్షణములో క్రికెట్టు ఆటకు జారిపోవుట కద్దు. అందుచేత వ్రాత మాత్రము కాగితముపైననే జరుగవలెను, దానిని చూచి సరిదిద్దు మనిషి ఒకరు ఉండవలెను. విద్యార్థి వ్రాసిన పుటను ఫొటో తీసి పంపినచో తిరుపతిలోనో గుంటూరులోనో విశ్రాంత జీవితము గడుపుచున్న తెలుగు పంతులుగారు దిద్ది పంపజాలరా? అట్టివారు మన ఊళ్లలో ఎందరో ఉన్నారు; వారిని అడిగినవారే లేరు.

మరియొక భయము నన్ను పీడించుచున్నది. ఈ పిల్లలు ఆన్‌లైనులో వినునది విజయవాడ తెలుగు, హైదరాబాదు తెలుగు, సినిమా తెలుగు. వానిని విని తమ అవ్వ మాట తప్పు మాటయని సిగ్గుపడి, ఇంటిలో కూడ తమిళమునకు మారిన పిల్లలు గలరు. అక్షరము నేర్పు పాఠము వారి మాటను దిద్దబూనినచో ఉపకారమునకు మారు అపకారమగును. ఇడైసేవల్ గ్రామమున తెలుగు కుటుంబమున పుట్టిన కి. రాజనారాయణన్ బడిచదువు ఎక్కువగా లేకయే తమిళమున మహారచయితయై, కరిసల్ అను నల్లరేగడి నేలలోని రైతుల నోటిమాటలను ఏరి నిఘంటువుగా కూర్చెను. ఆయన తమిళపు పలుకుబడికి చేసిన ఆ సేవ, ఆయన ఇంటి తెలుగునకు ఇంకను జరుగలేదు. దానికి ఇప్పుడొక దారి కనబడుచున్నది: యంత్రములకు భారతీయ భాషలు నేర్పు కేంద్ర ప్రభుత్వము వారి భాషిణి కార్యక్రమమున 'భాషాదానము' అను ఏర్పాటు కలదు. ఎవరైనను తమ గొంతును అందు సమర్పింపవచ్చును. కోయంబత్తూరు, మధుర యువకులు తమ ఇంటి పెద్దల చేత సామెతలు, పెండ్లిపాటలు, వ్యవసాయపు మాటలు పలికించి అట్టి సేకరణలకు అందజేయగలిగినచో, రేపు తెలుగు వినునట్టి యంత్రము వారి తెలుగును కూడ తెలుగుగానే గుర్తించును.

పైన చెప్పిన లిపి పాఠములకు ధనమెక్కడిదను ప్రశ్న కోయంబత్తూరు విషయమున తలయెత్తరాదు. పి.ఎస్. గోవిందస్వామి నాయుడుగారి నలుగురు కుమారులు 1926లో ఆస్తిని అయిదు భాగములుగా చేసి, అయిదవ భాగమును ధర్మమునకు విడిచిరి. నేడు వేలాది విద్యార్థులు చదువుచున్న పి.ఎస్.జి. కళాశాలలు ఆ భాగమునుండి మొలకెత్తినవే. పది నిమిషముల పాఠములు ఒక యాభైటిని తయారుచేయుటకు అగు వ్యయము అట్టి సంస్థలకు లెక్కలోనిది కాదు. కెమెరా, కంప్యూటరు, తీర్చి కూర్చు నేర్పు అన్నియు ఆ కళాశాలలలోని పిల్లల చేతిలోనే ఉన్నవి. వారిలో తెలుగు ఇండ్లనుండి వచ్చినవారు నలుగురు కూడి, వచ్చు వేసవి సెలవులకు ముందుగనే ఒక విన్నపము వ్రాసికొని తమ ప్రిన్సిపాలుగారి గది తలుపు తట్టవలెనని నా కోరిక. ఆ విన్నపము తమిళమున నున్నను సరియే.

— దాక్షిణాత్యుడు