నొప్పి లేని రోజుల్లో వేసుకోవలసిన మందు



క్రిస్మస్ వారంలో క్యాజువాలిటీ డ్యూటీ చేసిన సిస్టర్లందరికీ ఒక సంగతి తెలుసు. ఎవరో ఒక పెద్దాయన అర్ధరాత్రి ఇద్దరి భుజాల మీద చేతులు వేసుకుని కుంటుతూ వస్తారు. కాలి బొటనవేలి మొదట్లో ఎర్రగా వాచి, చర్మం నిగనిగలాడుతూ ఉంటుంది. దుప్పటి తగిలినా ఓర్చుకోలేరు. "బాగానే పడుకున్నానమ్మా, రెండు గంటలకు ఎవరో వేలిని పట్టకారుతో నొక్కినట్టు మెలకువ వచ్చింది" అంటారు. ఇది గౌట్. మన పెద్దలు వాతరక్తం అనేవారు.

కొన్నేళ్ళ క్రితం అలా వచ్చిన ఒక సంఘ పెద్దగారిని నేను మరచిపోలేను. ఆరేళ్ళుగా ఆయనకు ఈ నొప్పి వస్తూ పోతూ ఉంది. వచ్చినప్పుడల్లా మెడికల్ షాపులో అడిగి నొప్పి బిళ్ళలు వేసుకున్నారు. తరువాత ఎవరో చెబితే సంతలో అమ్మే కీళ్ళనొప్పుల పొట్లాలు వాడారు. "పొట్లం వేసుకుంటే మంత్రం వేసినట్టు తగ్గేదమ్మా" అన్నారు. రక్తపరీక్షలో యూరిక్ యాసిడ్ 10 దాటి ఉంది. కిడ్నీల పనిని తెలిపే క్రియాటినిన్ 2.4 ఉంది. ఏళ్ళ తరబడి వాడిన ఆ నొప్పి మందులనే డాక్టరుగారు ముఖ్యంగా అనుమానించారు.

నన్ను ఎక్కువ బాధపెట్టిన సంగతి మరొకటి. ఆయన సంచిలోని పాత చీటీలు తీసి చూస్తే, నాలుగేళ్ళ క్రితమే సరైన మందు రాసి ఉంది. ఎందుకు మానేశారని అడిగాను. "నొప్పి పోయింది గదమ్మా. ఆ తరువాత నెల తిరక్కుండానే మళ్ళీ వచ్చింది. ఆ బిళ్ళ నాకు పడలేదనుకున్నాను" అన్నారు. ఆ బిళ్ళ ఎందుకో, మొదట్లో ఏమవుతుందో ఆయనకు ఎవరూ చెప్పలేదు. చెప్పవలసినది మా నర్సులమే. ఆ రోజునుండి నా మనసులో ఉన్న మాటను ఈ సంచికలో మీ ముందు పెడుతున్నాను. గౌట్‌కు మందు లేదనడం నిజం కాదు. మందు ఉంది. అయితే అది నొప్పి ఉన్న రోజుల మందు కాదు, నొప్పి లేని రోజుల్లో వేసుకోవలసిన మందు.

అన్ని మందులూ ఎందుకు పనిచేసినట్టు కనిపిస్తాయి?

మన ఒంట్లోని కణాలు అరిగిపోయినప్పుడు, కొన్ని ఆహారపదార్థాలు జీర్ణమైనప్పుడు యూరిక్ యాసిడ్ తయారవుతుంది. కిడ్నీలు దానిని మూత్రంలో బయటికి పంపుతాయి. గౌట్ ఉన్నవారిలో ఎక్కువమందికి ఉన్న లోపం, అది చాలినంతగా బయటికి పోకపోవడమే. డెసిలీటరు రక్తంలో సుమారు 6.8 మిల్లీగ్రాములు దాటితే అది కరిగి ఉండలేదు. ముదురు పాకం చల్లారితే పంచదార పలుకులు కట్టినట్టు, కీళ్ళలో సూదుల్లాంటి సన్నని స్ఫటికాలుగా పేరుకుంటుంది. ఏదో ఒక రాత్రి మన రక్షక కణాలు వాటిమీద విరుచుకుపడతాయి. ఆ పోరాటమే మనకు కనిపించే వాపు, మంట.

ఈ పోరాటం సాధారణంగా వారం, రెండు వారాల్లో దానంతట అదే చల్లబడుతుంది. మందు వేసినా, వేయకపోయినా. మోసమంతా ఇక్కడే ఉంది. అయిదో రోజున పసరుకట్టు కట్టినవారు పసరువల్ల తగ్గిందంటారు. ఆరో రోజున పొట్లం మింగినవారు పొట్లం మహిమ అంటారు. కొన్ని పొట్లాలలో స్టెరాయిడ్లు కలుపుతారు కాబట్టి అవి త్వరగా తగ్గించినట్టు కనబడతాయి, లోపల షుగరును, బి.పి.ని పెంచుతాయి. కీళ్ళలోని స్ఫటికాలు మాత్రం ఎక్కడికీ పోలేదు. ఈసారి ఏడాదికి, పై సారి ఆరు నెలలకు, ఆ తరువాత నెలనెలా వస్తాయి. చివరికి వేళ్ళమీద, మోచేతుల దగ్గర, చెవి అంచున సుద్దలాంటి గడ్డలు తేలతాయి. కాబట్టి ఏ మందైనా పనిచేసిందా లేదా అని ఆ వారంలో తేల్చవద్దు. ఏడాది తరువాత లెక్క చూడండి. ఎన్నిసార్లు నొప్పి వచ్చింది? యూరిక్ యాసిడ్ ఎంత ఉంది? సాక్ష్యం చెప్పవలసినవి ఈ రెండే.

నాటు మందులన్నీ దండగ అని నేను అనను. గౌట్ దాడికి డాక్టర్లు వాడే కొల్చిసిన్ మొక్కలనుండి వచ్చినదే. మన అడవుల్లో ఎర్రని పూలు పూసే అడవినాభి దుంపలో కూడా ఆ పదార్థం ఉంది. కానీ మందుకూ విషానికీ మధ్య ఎడం చాలా తక్కువ. ఆ దుంప తిని ప్రాణాలు పోగొట్టుకున్నవారున్నారు. కొలత తెలిసిన బిళ్ళకూ, కొలత తెలియని దుంపకూ ఉన్న తేడా ఇదే.

నొప్పి బిళ్ళల సంగతి కూడా చెప్పాలి. పశువులకు డైక్లోఫెనాక్ ఇచ్చేవారు. అవి చనిపోతే ఆ కళేబరాలను తిన్న రాబందులు కిడ్నీలు చెడి, లోపలి అవయవాల మీద యూరిక్ యాసిడ్ తెల్లగా పేరుకుని లక్షలలో చనిపోయాయి. అందుకే భారత ప్రభుత్వం 2006లో పశువులకు ఆ మందును నిషేధించింది. మనిషి కిడ్నీ అంత సున్నితమైనది కాదు, డాక్టరు చెప్పిన నాలుగు రోజులు ఆ తరహా మందు వాడవచ్చు. కానీ కిడ్నీ జబ్బు, గుండె జబ్బు, కడుపులో పుండు ఉన్నవారు, పెద్ద వయసువారు సొంతంగా కొని వాడడం ప్రాణంతో చెలగాటమే.

పథ్యం పేరిట నిందించవద్దు

గౌట్ వచ్చిందనగానే ఇంటిల్లిపాదీ రోగినే తప్పుపడతారు. "నీ నోరే నీకు శత్రువు" అంటారు. పప్పు మానిపిస్తారు, పాలకూర, టమాట మానిపిస్తారు. చివరికి పచ్చడి మెతుకులు తినే స్థితికి తెస్తారు. ఇది అన్యాయం. పప్పులు, ఆకుకూరల్లోని ప్యూరిన్లవల్ల గౌట్ పెరుగుతుందని పరిశోధనల్లో తేలలేదు. పాలు, పెరుగు, మజ్జిగ మేలు చేస్తాయి. తగ్గించవలసినవి కార్జం, బోటీ, తలకాయ, పాయా, మేకమాంసం, రొయ్యలు, నెత్తళ్ళవంటి చిన్న చేపలు, తీపి కూల్‌డ్రింకులు. మద్యం మానాలి, అందులోనూ బీరు మరీ చెడ్డది. అధిక బరువు ఉంటే మెల్లగా తగ్గాలి.

ఇవన్నీ మంచివే. కానీ ఉన్న మాట చెప్పాలి. ఎంత కఠినమైన పథ్యమైనా యూరిక్ యాసిడ్‌ను కొద్దిగానే తగ్గిస్తుంది. 9 ఉన్నవారు పథ్యంతోనే 6కు రావడం అరుదు. పుట్టుకతో వచ్చిన శరీర తత్వం, కిడ్నీల పనితీరు, బి.పి.కి వాడే కొన్ని నీటిబిళ్ళలు, ఇవన్నీ కారణాలే. ఏనాడూ మద్యం ముట్టని, మాంసం అరుదుగా తినే తల్లులకు కూడా ముట్లుడిగిన తరువాత గౌట్ రావడం చూస్తున్నాం. నీటిబిళ్ళలు వాడేవారు మాత్రం సొంతంగా మానవద్దు, డాక్టరునడిగి మార్పించుకోండి.

ఉపవాస ప్రార్థనల విషయంలో ఒక మనవి. నీళ్ళు కూడా ముట్టకుండా ఉపవాసం ఉండి, మరునాడు విందు భోజనం చేయడం గౌట్‌ను చేతులారా పిలవడమే. శ్రమదినాలలో ఉపవాసం ఉండే గౌట్ రోగులు నీళ్ళు, మజ్జిగ తీసుకోండి. మాత్ర మానవద్దు. ప్రభువు దీనిని తక్కువ భక్తిగా ఎంచడు.

ఆసా రాజు పాదాలు

నేను చెప్పిన సంఘ పెద్దగారిని ఇంకొక మాట కుంగదీసింది. ఎవరో విశ్వాసి ఆయనకు 2 దినవృత్తాంతములు 16వ అధ్యాయం చూపించారట. ఆసా రాజుకు ఏలుబడి 39వ ఏట పాదాలలో జబ్బు పుట్టింది, ఆయన వైద్యులను నమ్ముకున్నాడు, కాబట్టి రోజూ బిళ్ళ మింగడం అవిశ్వాసమని. ఆ జబ్బు పేరు బైబిల్లో లేదు, గౌట్ కావచ్చునని కొందరు వ్యాఖ్యాతలు అంటారు. అయితే అక్కడ ఆసా తప్పు వైద్యులను పిలవడం కాదు, దేవుని పూర్తిగా విడిచిపెట్టడం. హిజ్కియా రాజు కన్నీటితో ప్రార్థించినప్పుడు, ఆయన పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద వేయించినవాడు ప్రవక్తయైన యెషయాయే కదా! పౌలు తోడివాడైన లూకా వైద్యుడే కదా! ప్రార్థన చేసి బిళ్ళ వేసుకోండి. రెండింటి మధ్య తగవు పెట్టకండి.

పనిచేసే వైద్యం ఏది?

దాడి వచ్చిన రోజున కాలు ఎత్తు మీద పెట్టి విశ్రాంతి తీసుకోండి. వేడి కాపడం వద్దు. ఐసును గుడ్డలో చుట్టి పెట్టండి. తొందరగా డాక్టరును కలిస్తే కొల్చిసిన్, నొప్పి మందు, కొద్ది రోజుల స్టెరాయిడ్ వీటిలో మీ ఒంటికి సరిపడేది ఇస్తారు. కీలు వాపుతోపాటు చలిజ్వరం ఉంటే అదే రోజు రండి. అది చీము పట్టిన కీలు కావచ్చు. దాడి సమయంలో యూరిక్ యాసిడ్ మామూలుగా కనిపించవచ్చు, కాబట్టి రెండు వారాల తరువాత మళ్ళీ పరీక్ష చేయించాలి. అలాగే, ఏ నొప్పీ లేకుండా రిపోర్టులో 7.5 ఉన్నంత మాత్రాన బిళ్ళలు మొదలుపెట్టనక్కరలేదు. మడమ నొప్పులన్నీ గౌట్ కావు.

ఏడాదికి రెండు లేక అంతకు మించి దాడులు వచ్చేవారికి, గడ్డలు తేలినవారికి రోజువారీ మందు కావాలి. ఎక్కువగా వాడేది అల్లోప్యూరినాల్. గెర్ట్రూడ్ ఎలియన్, జార్జ్ హిచింగ్స్ అనే శాస్త్రజ్ఞుల కృషివల్ల వచ్చిన ఈ మందు 1966లో అమెరికాలో అనుమతి పొందింది. వారికి 1988లో నోబెల్ బహుమతి వచ్చింది. ఎలియన్ పరిశోధన డాక్టరేటు పూర్తి చేయలేకపోయినా ఇంత మేలు చేసింది. డిప్లొమాతో బ్రతుకంతా పనిచేసిన నాకు ఆమె అంటే అభిమానం.

ఈ బిళ్ళను సాధారణంగా 100 మిల్లీగ్రాములు లేదా అంతకన్న తక్కువతో మొదలుపెట్టి, రక్తపరీక్ష చూస్తూ మెల్లగా పెంచుతారు. గురి 6 కంటే తక్కువకు తేవడం. అప్పుడే పేరుకున్న స్ఫటికాలు కరుగుతాయి. ఇల్లు ఊడ్చేటప్పుడు ముందు దుమ్ము లేచినట్టు, అవి కరిగే మొదటి నెలల్లో నొప్పి మళ్ళీ రావచ్చు. అది మందు పడకపోవడం కాదు, పనిచేస్తోందనడానికి గుర్తు. అందుకే మొదటి మూడు నుండి ఆరు నెలలు తక్కువ మోతాదులో కొల్చిసిన్‌వంటి తోడు మందు ఇస్తారు. నొప్పి వచ్చినా అల్లోప్యూరినాల్ ఆపకండి.

ఒక్క సందర్భంలో మాత్రం వెంటనే ఆపండి. ఒంటిమీద దద్దుర్లు, జ్వరం, నోట్లో పుండ్లు, కళ్ళు ఎర్రబడడం కనిపిస్తే బిళ్ళ ఆపి అదే రోజు ఆసుపత్రికి రండి. ఇది అరుదు, ఎక్కువగా మొదటి రెండు మూడు నెలల్లోనే వస్తుంది, కానీ ప్రమాదకరం. ఆ మందు పడనివారికి ఫెబుక్సోస్టాట్ ఉంది, గుండె జబ్బు ఉన్నవారు ముందే డాక్టరుకు చెప్పాలి.

బిళ్ళతోపాటు మాట కూడా మందే

ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో 517 మంది గౌట్ రోగులను రెండు భాగాలు చేశారు. ఒక భాగాన్ని శిక్షణ పొందిన నర్సులు చూశారు. జబ్బు ఏమిటో వివరించి, రోగి సందేహాలు విని, మెల్లగా మోతాదు పెంచారు. మరో భాగానికి మామూలుగా జరిగే వైద్యమే జరిగింది. రెండేళ్ళ తరువాత నర్సుల దగ్గర ఉన్నవారిలో నూటికి 95 మందికి యూరిక్ యాసిడ్ 6 కంటే తగ్గింది. రెండో భాగంలో నూటికి 30 మందికే తగ్గింది. ఈ ఫలితాలు 2018లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. కొత్త మందేమీ కనిపెట్టలేదు. కూర్చుని చెప్పినవారు, కూర్చుని విన్నవారు ఉన్నారు, అంతే.

అందుకే నా అభిప్రాయం ఇది. గౌట్ రోగి చేతికి చీటీ ఇచ్చి పంపడం వైద్యం కాదు. పావుగంట కూర్చోబెట్టి చెప్పడం మా నర్సుల బాధ్యత. అడగడం మీ హక్కు. "సిస్టర్, ఈ బిళ్ళ ఎన్నాళ్ళు? మళ్ళీ పరీక్ష ఎప్పుడు? నా యూరిక్ యాసిడ్ ఎంతకు రావాలి?" ఈ మూడు ప్రశ్నలు అడగకుండా ఓ.పి. నుండి వెళ్ళకండి. మేము విసుక్కుంటే నా గదికి రండి.

ఆ సంఘ పెద్దగారి కిడ్నీలు పూర్తిగా బాగుపడలేదు. అయినా దేవుని కృపవలన అంతకన్న చెడలేదు. కిడ్నీలకు తగిన మోతాదులో రోజూ బిళ్ళ వేసుకుంటారు. యూరిక్ యాసిడ్ 5.6కు వచ్చింది. కిందటి క్రిస్మస్ రాత్రి ఆరాధనలో చెప్పులు బయట విడిచి, కర్ర లేకుండా నడచి వచ్చి ముందు వరుసలో కూర్చున్నారు. "నొప్పి లేదు గదా, ఇక మానేయనా?" అని ఇప్పటికీ అడుగుతారు. "నొప్పి లేనిది వేసుకుంటున్నందుకే అయ్యగారూ" అని నేను ఇప్పటికీ చెబుతాను.

మీ ఇంట్లో బొటనవేలు పట్టుకుని బాధపడేవారుంటే, ఈ పత్రిక వారికి చదివి వినిపించండి. ప్రభువు మిమ్మును దీవించును గాక.

నర్సింగ్ సూపరింటెండెంట్