నిష్పత్తి పాఠం: ఐదా, ఆరా?

సూరత్ నగరపాలక సంస్థ వారి ప్రాథమిక పాఠశాలలు గుజరాతీ, మరాఠీ, హిందీ, ఉర్దూ, ఒడియా మాధ్యమాలతోపాటు తెలుగులో కూడా నడుస్తున్నవి. మరమగ్గాల పనికై తెలంగాణ నుండి తరలివెళ్లిన పద్మశాలీ కుటుంబాలు ఆ నగరంలో తరాలుగా స్థిరపడి ఉన్నవి. అక్కడి తెలుగు పిల్లవానికి ఆరవ తరగతిలో నిష్పత్తి పాఠం వచ్చేసరికి మొదట పేర్లతోనే పేచీ. మన నిష్పత్తిని గుజరాతీలో ‘గుణోత్తర్’ అంటారు. హిందీలో ‘అనుపాత్’ అంటారు. మనకేమో అనుపాతమంటే రెండు నిష్పత్తులు సమానం కావడం! ఈ గొడవ వారం రోజుల్లో సర్దుకొంటుంది. అసలు చిక్కు వేరే ఉన్నది.

రెండు గరిటెల నీలిరంగు, మూడు గరిటెల పసుపురంగు కలిపితే ఒక ఆకుపచ్చ వచ్చింది. నీలం నాలుగు గరిటెలైతే పసుపు ఎంత? చాలామంది పిల్లలు ‘ఐదు’ అంటారు. నీలం రెండు పెరిగింది గనుక పసుపు కూడా రెండు పెరగాలని వారి తర్కం. ఇది మందబుద్ధి కాదు. ఐదేళ్లుగా నేర్చిన కూడికనే వారు నమ్ముకొన్నారు. అమెరికాలో రాబర్ట్ కార్ప్లస్ బృందం 1970 ప్రాంతంలో ఇటువంటి ప్రశ్నే వేసింది. పొట్టివాని ఎత్తు 4 గుండీలు, లేదా 6 కాగితపు క్లిప్పులు. పొడుగువాని ఎత్తు 6 గుండీలైతే క్లిప్పులెన్ని? తొమ్మిదికి బదులు ఎనిమిదన్న పిల్లలు అక్కడా ఎందరో.

ఇక్కడ ఉపాధ్యాయుడు తొందరపడి అడ్డగుణకారం నేర్పితే జవాబు వస్తుంది, భ్రమ మాత్రం లోపలే ఉండిపోతుంది. దానికంటె రెండు గాజుగ్లాసులు తెచ్చి, ఒకదానిలో నాలుగుకు ఐదు, మరొకదానిలో నాలుగుకు ఆరు కలిపి, మొదటి ఆకుపచ్చ పక్కన పెట్టడం మేలు. ఐదు కలిపినది నీలి ఛాయకు తిరుగుతుంది. అద్దకపు మిల్లులున్న ఊరిలో ఛాయ తప్పితే తాను మొత్తం చెడుతుందని పిల్లలకు ఒకరు చెప్పనక్కరలేదు. ఆ తరువాత 2కు 3, 4కు 6, 6కు 9 అని పట్టిక వ్రాయించాలి. సూత్రం ఆ పట్టికలోనుంచే రావాలి.

ఆ సూత్రం మనకు కొత్తది కాదు. ఆర్యభటుడు క్రీ.శ. 499 నాటికే త్రైరాశికం చెప్పాడు. పావులూరి మల్లన మహావీరాచార్యుని గణితాన్ని తెలుగు పద్యాలలోకి తెచ్చి సుమారు తొమ్మిదివందల ఏళ్లు దాటింది.

పట్టిక బాగా వచ్చిన తరగతికి మరొక ప్రశ్న వేసి చూడాలి. ఒక చీర ఎండలో ఆరడానికి 3 గంటలు పడితే, పక్కపక్కన ఆరవేసిన ఐదు చీరలకు ఎంతసేపు? ‘పదిహేను’ అని అరిచేవారు అరుస్తారు. ఇంట్లో చీరలు ఆరవేసే పిల్ల మాత్రం నవ్వి, మూడే అంటుంది.