తేదీకి రాశి కట్టేస్తే ఎలా?

తెలిసినవాళ్ల అమ్మాయికి దాదాపు ఖాయమైన సంబంధం ఈ వారం తప్పిపోయింది. కట్నం దగ్గరా కాదు, ఉద్యోగం దగ్గరా కాదు, రాశి దగ్గర. వీళ్లిచ్చిన జాతకంలో శ్రవణా నక్షత్రం, మకర రాశి అని ఉంది. అమ్మాయి పుట్టింది నవంబరు 5న. అబ్బాయి మేనత్త ఫోన్‌లో ఆ తేదీ కొట్టి చూస్తే వృశ్చికమని వచ్చిందట. జాతకం మార్చి పంపారని మధ్యవర్తి చేత కబురు పెట్టించారు. సంబంధం వద్దనుకోవడం వాళ్ల ఇష్టం. కానీ ఒక ఆడపిల్ల తండ్రి మీద మోసగాడన్న మచ్చ వేశారు. వాళ్లు ఆయన ఇంటికి వెళ్లి ఆ మాట వెనక్కి తీసుకోవాలి.

అక్కడ ఎవరూ ఏదీ మార్చలేదు. ఫోన్ చెప్పింది పాశ్చాత్యుల సూర్యరాశి. మనకు జన్మరాశి అంటే పుట్టిన వేళకు చంద్రుడున్న రాశి. సూర్యుడు ఒక్కో రాశిలో నెల రోజులుంటే, చంద్రుడు రెండుంబావు రోజుల్లో దాటేస్తాడు. ఏ సంవత్సరమో, ఏ వేళో తెలియకుండా వట్టి తేదీ చూసి మన రాశి చెప్పడం ఎంతటి సిద్ధాంతికైనా సాధ్యం కాదు. పోనీ సూర్యుణ్ణే చూద్దామన్నా, నవంబరు 5న మన పంచాంగంలో ఆయన ఇంకా తులలోనే ఉంటాడు. వాళ్లది సాయనం: వసంత విషువత్తు నాడు, అంటే మార్చి 20-21 తేదీల్లో, మేషం మొదలు. మనది నిరయనం: నక్షత్రాలను పట్టుకుని కొలుస్తాం. ఆ విషువద్బిందువు నక్షత్రాల మధ్య సుమారు 72 ఏళ్లకు ఒక డిగ్రీ చొప్పున వెనక్కి జరుగుతోంది. అలా పెరిగిన ఎడం, అదే అయనాంశ, ఇప్పుడు 24 డిగ్రీలు దాటింది. మన మేష సంక్రమణం ఏప్రిల్ 14 దగ్గర పడేది అందుకే.

ఏది గొప్ప అన్న పేచీ నాకు అక్కర్లేదు. పాశ్చాత్యుల్లోనూ విద్య తెలిసినవాళ్లు లగ్నం వేసి, యురేనస్, నెప్ట్యూన్, ప్లూటోలను కూడా చేర్చి చక్రమంతా చూస్తారు. మనవాళ్లు రాహుకేతువులను, 120 ఏళ్ల వింశోత్తరి దశలను చూస్తారు. దేని లెక్క దానిది. నాకు మండేదల్లా రాశిఫలాల్లో మేషానికి ‘అశ్విని, భరణి, కృత్తిక 1వ పాదం’ అని రాసి, దాని కిందే ‘మార్చి 21 - ఏప్రిల్ 20’ అని తగిలించే వాళ్లను చూస్తే. చదివేవాళ్లంటే ఇంత చులకనా?

పిల్లలకు ఆకాశం చూపించడం మానేశాం కాబట్టే ఈ కలగాపులగం చెల్లుతోంది. శ్రవణం ఎక్కడో ఉన్న మంత్రాక్షరం కాదు, వరసగా మూడు చుక్కలు. నవంబరులో పొద్దుగూకాక డాబా ఎక్కి పడమటి వైపు చూస్తే నడిమి చుక్క ధగధగలాడుతూ కనిపిస్తుంది. ఇరవై ఏడు పేర్లూ గడగడా అప్పజెప్పే పిల్లలకు వాటిలో నాలుగింటినైనా చూపించే బడి ఉందా?

ఈ విషయంలో మన సిద్ధాంతులనూ వదిలిపెట్టను. సూర్యుడు ఉత్తరానికి మళ్లేది డిసెంబరు 21-22 తేదీల్లో. ఉత్తరాయణ పుణ్యకాలమని మనం స్నానాలు చేసేది జనవరి 14నో 15నో. వివేకానందుడు పుట్టిన 1863 జనవరి 12 మకర సంక్రాంతి. అప్పటికీ ఇప్పటికీ పండగ ఎంత జరిగిందో చూడండి. సంక్రాంతిని కదపమని నేననను. కానీ అయనం వేరు, సంక్రమణం వేరు అని పంచాంగం మొదటి పేజీలో రాయడానికేం?

మేఘనాథ్ సాహా అధ్యక్షతన వేసిన క్యాలెండరు సంస్కరణ సంఘం 1955లోనే నివేదిక ఇచ్చింది, దేశమంతటికీ ఒకే అయనాంశను సూచించింది. అయినా పాత గ్రంథాల లెక్కతో నడిచే పూర్వ పద్ధతి, ఆకాశంలో కనిపించేదానికి సరిపడేలా లెక్కగట్టే దృగ్గణితం అంటూ ఏదో ఒక పండగను రెండు రోజులు చేస్తూనే ఉన్నారు. గుడిలో ఒకనాడు, ఆఫీసుకు సెలవు మరొకనాడు అయితే ఉపవాసం ఉండే ఇల్లాలు ఎవరిని అడగాలి? ఉగాదికి వేదికలెక్కి ఆదాయ వ్యయాలు చదివే లోపు రెండు పక్షాల సిద్ధాంతులూ ఒకచోట కూర్చుని, ఆ ఏటి పండగల తేదీలు తేల్చి, సంతకాలు పెట్టి ప్రకటించాలి.