పాత బాయిలో నీళ్లు

1975 డిసెంబరు 27న ధన్‌బాద్ దగ్గర చస్‌నాలా గనిలోకి నీళ్లు విరుచుకుపడి 375 మంది చనిపోయారు. 2001 ఫిబ్రవరిలో అదే జిల్లా బాగ్డిగిలో 29 మంది. 2003 జూన్ 16న మన గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలో 17 మంది. గ్యాసు కాదు, కప్పు కూలడం కాదు, మూడుచోట్లా చంపింది నీళ్లే. చస్‌నాలా, బాగ్డిగిల్లో అవి వరద నీళ్లు కూడా కావు, తవ్వి వదిలేసిన పాత పనుల్లో ఏళ్ల తరబడి ఊరి నిలిచినవి.

బొగ్గు బాయిలో, అంటే గనిలో, పని అయిపోగానే పంపులు ఆపేస్తారు. ఖాళీ గ్యాలరీలు మెల్లగా నిండుతాయి. పైన పొలాలు, ఇళ్లు ఎప్పట్లాగే ఉంటాయి. పక్కన కొత్త పనిలో దిగినవాడికీ ఆ నీటికీ మధ్య అడ్డం ఒక బొగ్గు గోడే. నీటిమట్టం 100 మీటర్ల ఎత్తుంటే ఆ గోడలో ప్రతి చదరపు మీటరు మీదా 100 టన్నుల ఒత్తిడి. గోడ మందం ఎంతో చెప్పాల్సింది సర్వే ప్లాను. బాగ్డిగిలో ప్లానుకూ లోపలున్న దానికీ పొంతన లేకపోయింది.

అందుకే 1957 నాటి కోల్ మైన్స్ రెగ్యులేషన్స్ ఒక జాగ్రత్త చెప్పాయి. నీళ్లున్న పాత పనికి 60 మీటర్ల లోపు వెళ్లాలంటే అనుమతి కావాలి. ముందు బోరు వేసుకుంటూ పోవాలి, అది ఎప్పుడూ కనీసం 3 మీటర్లు ముందుండాలి. కాగితం ఏం చెప్పినా సరే, బొగ్గును పొడిచి చూడమన్నమాట. గనుల భద్రత మీద మన దేశంలో రాసినవాటిలో ఇంతకంటే తెలివైన నిబంధన నాకు తెలియదు. 2017 నిబంధనలు ప్రతి గనికీ సేఫ్టీ మేనేజ్‌మెంట్ ప్లాన్ ఉండాలన్నాయి. మంచిదే. కానీ ఫైల్లో రిస్కుకు మార్కులు వేసినంత మాత్రాన ఎవరి టార్గెట్టూ తగ్గదు. బోరు వేసినంతసేపూ మాత్రం బొగ్గు రాదు.

1989లో రాణిగంజ్ మహాబీర్ గనిలోకీ నీళ్లొచ్చాయి. ఇంజనీరు జస్వంత్ సింగ్ గిల్ స్టీలు క్యాప్సూల్‌లో 65 మందిని పైకి తెచ్చారు. దాని మీద సినిమా వచ్చింది, రావాల్సిందే. బోరులో తడి చూసి పని ఆపించిన ఓవర్‌మన్ మీద మాత్రం ఎవరూ తీయరు.

ఇక సుస్థిర మైనింగ్. ఆ మాట అనగానే ఓబీ (బొగ్గు పైనుంచి తీసిపోసిన మట్టి) గుట్టల మీద మొక్కలు నాటుతున్న ఫొటోలొస్తాయి. నాకు మూసేస్తున్న బాయి సంగతి ముఖ్యం. 2009లో కేంద్రం గని మూసివేతకు ఎస్క్రో ఖాతాలో డబ్బు కట్టాలంది. ఓపెన్‌కాస్ట్‌కు హెక్టారుకు 6 లక్షలు, భూగర్భ గనికి ఒక లక్ష. ఆ రేట్లు తర్వాత పెరిగాయి. నేలపై పడే దెబ్బ చూస్తే ఆ తేడా సబబే. మరి కింద నిండబోయే నీటికి ఎంత కట్టినట్టు?

ఖాళీలను ఇసుకతో నింపితే నీటికి చోటు తగ్గుతుంది. సింగరేణి దశాబ్దాలుగా గోదావరి ఇసుకతో ఆ పని చేసింది, ఏరుకు అదో గాయం. ఓబీ నుంచే ఇసుక తీసే ప్రయత్నమూ చేసింది. దాన్ని పెంచాలి.

సింగరేణి తవ్వకం ఇల్లందులో మొదలైంది 1889లో. అప్పటినుంచీ వదిలేసిన బాయిల్లో నీళ్లు ఏ మట్టం దాకా ఉన్నాయో ఏటా ప్లాన్లతో సహా బయటపెట్టమని కార్మిక సంఘాలు అడగవచ్చు. లాభాల్లో వాటా ఎంత శాతం అన్న డిమాండు పక్కనే దీన్నీ రాసుకోవచ్చు.