గాయాల సాక్ష్యం

2012 జూన్ 28 రాత్రి బస్తర్‌లోని బీజాపూర్ జిల్లా సర్కేగూడలో భద్రతా దళాల కాల్పులకు 17 మంది బలయ్యారు. వారిలో మైనర్లు కూడా ఉన్నారు. నక్సలైట్లతో ఎదురుకాల్పులు జరిగాయని అధికారులు ప్రకటించారు. పండుగ సంగతి మాట్లాడుకునేందుకు సమావేశమైన తమపై కాల్పులు జరిపారని గ్రామస్థులు మొరపెట్టుకున్నారు.

ఇట్టి వివాదంలో మృతదేహమే ప్రధాన సాక్షి. తుపాకీని అతి సమీపం నుండి పేల్చితే గాయం చుట్టూ మసి, కాలిన గుర్తులు, మందు రేణువుల మచ్చలు ఏర్పడతాయి. దూరం నుండి పేల్చితే అవి కనబడవు. గుండు దూరిన రంధ్రం, వెలువడిన రంధ్రం చూచి అది ఏ దిక్కు నుండి తగిలినదో వైద్యులు నిర్ణయిస్తారు.

జస్టిస్ వి.కె. అగర్వాల్ విచారణ సంఘం 2019లో నివేదిక సమర్పించింది. మృతులు నక్సలైట్లని నమ్మదగిన ఆధారం లేదనీ, గ్రామస్థులు కాల్పులు జరపలేదనీ, కొందరిని సమీపం నుండి కాల్చారనీ, దేహాలపై కొట్టిన దెబ్బలున్నాయనీ తేల్చింది. గాయాలు తొలినాడే చెప్పిన మాట నివేదికకెక్కడానికి ఏడేండ్లు పట్టింది!

కొత్తవలస–కిరండూల్ మార్గంలో పనిచేసే మన సోదరులకు ఆ అడవులు పరాయివి కావు. పట్టాల పక్కన కార్మికుని శవం దొరికినప్పుడు పంచనామాలో తొందరపడి ‘ఆత్మహత్య’ అని వ్రాసిన ఒక్క మాట ఆ కుటుంబానికి రావలసిన పరిహారానికే ఎసరు పెట్టగలదు.

ఎన్‌కౌంటర్ మరణాలలో ఇద్దరు వైద్యులు శవపరీక్ష జరపాలనీ, దానిని వీడియో తీయాలనీ, మేజిస్ట్రేటు విచారణ తప్పనిసరి అనీ సుప్రీంకోర్టు 2014లో నిర్దేశించింది. ఆ ఆదేశాలు అక్షరాలా అమలు జరగాలని, సందేహాస్పదమైన ప్రతి కార్మిక మరణంలోనూ అంతటి శ్రద్ధ చూపాలని మేము కోరుతున్నాము. ఆదివాసి అయినా, గ్యాంగ్‌మన్ అయినా, చనిపోయినవాని పక్షాన నిజం అడుగవలసినది బ్రతికి ఉన్న మనమే.